మాణిక్యం ఏరిన నాలుగు టైర్లు

టైరును చూడగానే మంచిదో చెడ్డదో చెప్పేస్తామనేవాళ్లు దుబాయ్ నైఫ్ బజారులో ఎంతమందైనా దొరికేవారు. వాళ్లలో సగం మందికి ఏమీ తెలియదు, మిగతా సగం మంది తెలిసే అబద్ధం చెప్పేవాళ్లు. మాణిక్యం చూసి చెప్పేవాడు కాదు. టైరును నేల మీద పడుకోబెట్టి, లోపలికి చెయ్యి పోనిచ్చి, కళ్లు మూసుకుని చుట్టూ తడిమేవాడు. పాత అతుకేదైనా ఉంటే వేళ్లకు తగిలేది. తర్వాత బొటనవేలి గోరు రబ్బరులోకి గుచ్చి, ఆ గాటు ఎంతసేపటికి పూడుకుంటుందో చూసేవాడు. పక్కల్ని రెండు చేతులా వంచి సన్నని పగుళ్ల కోసం వెతికేవాడు. ఆఖరికి వాసన కూడా చూసేవాడు.

మొదటిసారి అది చూసి నేను పడీ పడీ నవ్వాను. "ఏంటయ్యా, అదేమన్నా మామిడిపండా?" అన్నాను.

"పండు కుళ్లితే పారేసుకుంటామండి. ఇది కుళ్లితే మనిషే పోతాడు. ఆయ్," అన్నాడు.

అతను పనిచేసేది రహమతుల్లా సేటు టైర్ల కొట్లో. నేను పక్కనే స్పేర్ పార్టుల కొట్లో గుమాస్తాని. పేరు ఆదిశేషు, ఊరు పాలకొల్లు. రెండు కొట్లకూ మధ్య ఒక రేకు గోడ. రాత్రికి ఇద్దరిదీ ఒకే గది. నాకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చు, వాటిని నలుగురిలో చూపించుకునే సందు ఎప్పుడు దొరుకుతుందా అని కాచుక్కూచునేవాణ్ణి. ఈ కథలో నా వంతు పాపం ఆ నాలుగు ముక్కలే.

మాణిక్యానిది రాజోలు దగ్గర పల్లెటూరు. మూడేళ్లప్పుడు తల్లి పోతే అక్క పాపాయమ్మ పెంచింది. అప్పటికి ఆవిడకు పన్నెండేళ్లు. "అమ్మ మొకం గుర్తులేదండి. అక్క సంకెక్కి తిరగడం గుర్తుంది," అనేవాడు. సైకిలు షాపులో పంచర్లు వేశాడు, రావులపాలెంలో ట్రంకు రోడ్డు మీద లారీ టైర్లు విప్పాడు. పాపాయమ్మ డెబ్బయి ఆరులో ఇంటి పనికి దుబాయ్ వచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి తను పనిచేసే ఇంటాయన్ను బతిమాలి తమ్ముడికి కూడా వీసా సంపాదించింది.

ఆ ఇంటాయన జోర్డాన్ దేశస్థుడు, ఇంజినీరు. పెద్ద కొడుకు పేరు సామీ కాబట్టి అందరూ ఆయన్ను అబూ సామీ అనేవారు, భార్యను ఉమ్ సామీ అనేవారు. పాపాయమ్మ మాత్రం ఆవిణ్ణి అక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం, అమ్మగారూ అన్న అర్థంలో, 'మామా' అని పిలిచేది. ముగ్గురు పిల్లలు. చిన్నపిల్ల పుట్టిన రోజు నుంచీ పాపాయమ్మ ఒళ్లోనే పెరిగింది. ఆ పిల్లకు అరబ్బీ కంటే ముందు "దా", "తిను", "బొజ్జో" వచ్చాయి.

ఎనభై మూడు జనవరిలో, పిల్లల బడి సెలవుల్లో, అబూ సామీ తమ్ముడి పెళ్లి కుదిరింది. వాళ్ల ఊరు అమ్మాన్ దాటాక అజ్లూన్ కొండల్లో ఎక్కడో ఉంది. సౌదీ ఎడారి మీదుగా మూడు రోజుల కారు ప్రయాణం. ఆ యేడు అక్కడ మంచు విపరీతంగా పడుతోందని కబురు వచ్చింది. మంచు మీద మామూలు టైర్లు నిలవవు. పెళ్లికి వెళ్లి రావడానికి మాత్రం పనికొచ్చే టైర్లకు కొత్తవాటి ఖరీదు పెట్టడం దండగ. చవగ్గా ఉండాలి, నమ్మకంగానూ ఉండాలి. అలాంటివి ఎక్కడ దొరుకుతాయని భార్యాభర్తలు వారం రోజులు తర్జనభర్జన పడ్డారట. వాళ్ల మాటల్లో 'టైరు' అన్న ముక్క చెవిన పడి, వంటింట్లోంచి పాపాయమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "మా తమ్ముడున్నాడు కదా మామా!" అందట.

అలా ఒక మధ్యాహ్నం వాళ్ల ప్యూజో స్టేషన్ వాగన్ వచ్చి రహమతుల్లా కొట్టు ముందు ఆగింది. అబూ సామీ దిగాడు. వెనక సీట్లోంచి పాపాయమ్మ కూడా దిగి, పెళ్లికూతురి తరఫు మనిషిలా కాస్త గర్వంగా నిలబడింది. మాణిక్యం రేకు మీద కొట్టాడు. ఇంగ్లీషు కోసం నన్ను పిలిచే పద్ధతి అది.

మంచు టైర్లు రహమతుల్లా దగ్గర ఉన్నాయి, అదీ వింత. జర్మనీ నుంచి కంటెయినర్లలో పాత టైర్లు వచ్చేవి. వాటిలో పది పాతిక మంచు దేశాల టైర్లు కూడా కలిసి వచ్చేవి. లోతైన గాడులు, మెత్తని రబ్బరు, కొత్తవాటిలా కనిపించేవి. ఆ గాడులు చూసి మోసపోయి కొన్నవాడు జూన్‌లో అబూదాబీ రోడ్డెక్కితే, మెత్తని రబ్బరు వేడికి పొరలు పొరలుగా ఊడిపోయేది. అందుకని మాణిక్యం వాటిని ఎవరికీ అంటగట్టనిచ్చేవాడు కాదు. సేటు తిట్టినా వినేవాడు కాదు. అవన్నీ కొట్టు వెనక కుప్పగా పడి ఉండేవి.

ఇన్నాళ్లకు బేరం తగిలిందని రహమతుల్లా మొహం విప్పారింది. ఆ కుప్పలో పైనే నిగనిగలాడుతున్న నాలుగింటిని దొర్లించాడు. రహమతుల్లాది హైదరాబాదు. "ఇగో సాబ్, మాల్ అంటే ఇది," అన్నాడు.

మాణిక్యం తల అడ్డంగా ఊపాడు. "అయ్యి రెండెండాకాలాలు ఎండలో ఎండినయ్యండి. పైన నల్లరంగు పూశారు," అని నాతో తెలుగులో నెమ్మదిగా అన్నాడు. సేటు పక్కనే ఉన్నాడు కాబట్టి ఆ ముక్క నేను ఇంగ్లీషు చెయ్యలేదు.

కుప్ప అడుగున, గోడ నీడలో ఉన్నవాటిని ఒక్కొక్కటే లాగాడు. ఒకటి ఒక పక్కే అరిగింది, తీసేశాడు. ఇంకోదాని లోపల అతుకు తగిలింది. మరొకటి అంతా బాగానే ఉంది కానీ గోరు గాటు పూడలేదు, రబ్బరు చచ్చిపోయిందన్నాడు. రెండు గంటలు గడిచాయి. అబూ సామీ మూడు టీలు తాగాడు. ఆఖరికి నాలుగు తేలాయి. ఒకే కంపెనీవి, ఒకేలా అరిగినవి.

"నాలుగూ ఒక బండి కాళ్లేనండి. ఇడదియ్యకూడదు," అన్నాడు మాణిక్యం. "కానీ ఇయ్యి ఇప్పుడే ఎక్కించొద్దని చెప్పండి. సౌదీ అంతా పాత టైర్ల మీదే ఎల్లమనండి. ఇయ్యి బండి మీద కట్టుకోమనండి. జోర్డాన్‌లోకి దిగి, చలి ఎముకలు కొరికేటప్పుడు మార్చుకోమనండి. ఎండలో తిప్పారంటే బెల్లంపాకమైపోతాయండి."

చెప్పాను. అబూ సామీకి చాలా నచ్చింది. ఇన్ని కొట్లు తిరిగితే ఈ మాట ఒక్కడూ చెప్పలేదని మాణిక్యం భుజం తట్టాడు. పాపాయమ్మ మా అందరివైపూ చూసి, 'చూశారా మరి' అన్నట్టు తల పంకించింది.

ఆ భుజం తట్టడమే కొంప ముంచింది. అక్కడితో ఆగాల్సినవాడు ఆగలేదు. పని తెలిసినవాణ్ణి ఎవరైనా మెచ్చుకుంటే, తెలియనిది కూడా కొసరు వేస్తాడు.

"ఇంకోటండి. మంచు తగలగానే టైర్లలో గాలి సగానికి తీసెయ్యమనండి. ముప్పై ఉంటే పదిహేను."

ఇసుకలోకి దిగేముందు అక్కడ ప్రతి డ్రైవరూ చేసే పని అది. గాలి తీస్తే టైరు చదునై వెడల్పవుతుంది, ఇసుకలో కూరుకుపోకుండా పైన తేలుతుంది. మాణిక్యం దాన్ని వందలసార్లు చూశాడు. మంచును మాత్రం ఎన్నడూ చూడలేదు. నేనూ చూడలేదు. మా ఇద్దరికీ తెలిసిన మంచల్లా ఎండాకాలంలో ఐసుగోలా వాడు పుల్లకు అంటించే తురుము. "తెల్ల ఇసకే కదండీ," అన్నాడు. నిజమే కదా అనిపించింది నాకు. పైగా నేను నా వంతుగా 'టెక్నికల్లీ' అన్న మాట కూడా తగిలించి, ఒకటికి రెండుసార్లు చెప్పాను. అబూ సామీ నవ్వి, తల ఊపాడు.

పాపాయమ్మకు మేం తెలుగులో అనుకున్నది మొత్తం అర్థమైంది. కారెక్కుతూ, "ఆయన మర్సిపోయినా నేను మర్సిపోన్లేరా తమ్ముడూ. మంచు కనపడగానే గాలి సగం. నేను గుర్తుసేత్తాను," అంది.

ఆ నాలుగింటికీ మాణిక్యమే రిమ్ములూ వాల్వులూ వేసి ఇచ్చాడు. రెండు రోజుల తర్వాత వాళ్లు బయల్దేరారు.

వాళ్లు వెళ్లిన మర్నాడు కొట్టుకు ఒక కాబూలీ లారీ డ్రైవరు వచ్చాడు. అందరూ ఖాన్ సాబ్ అనేవాళ్లు. పంచరు వేయించుకుంటూ కూచున్న ఆయనకు మాణిక్యం తన ఘనకార్యం వినిపించాడు. హిందీలోనే, కాస్త సాగదీసి చెప్పాడు. టైర్లు ఏరిన తీరు విని ఖాన్ సాబ్ శభాష్ అన్నాడు. బండి మీద కట్టుకోమన్నానంటే ఇంకోసారి శభాష్ అన్నాడు. గాలి సంగతి వచ్చేసరికి టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఆయన తన దేశంలో పన్నెండేళ్లు మంచు కనుమల్లో లారీ నడిపినవాడు. రేకు అవతల నుంచి ఆయన గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "అరే బాబా, ఇసుక వేరు, బరఫ్ వేరు! ఇసుకలో బండి పైన తేలాలి. బరఫ్‌లో టైరు దాన్ని కోసుకుని కింద రోడ్డును పట్టుకోవాలి. గాలి తీసేస్తే పట్టు ఉండదు. కొండ మలుపులో పడవలాగా పక్కకు జారిపోతుంది. ఎవరికి చెప్పావు నువ్వు ఇది?"

మాణిక్యం ఏం జవాబిచ్చాడో వినలేదు. నేను అటు వెళ్లేసరికి ఖాన్ సాబ్ లేచి నిలబడి, "ఖుదా హిఫాజత్ కరే, దేవుడే కాపాడాలి," అంటున్నాడు. ఆ మాట ధైర్యానికే అన్నాడు కానీ, మాకు మిగిలిన ధైర్యం కూడా పోయింది.

"ఇప్పుడెలాగండీ?" అన్నాడు మాణిక్యం నాతో.

"ఏమీ కాదులే. అబూ సామీది కొండ ఊరు. పుట్టి బుద్ధెరిగి మంచులో తిరిగినవాడు. టైర్లు నీకు తెలిస్తే, మంచు ఆయనకు తెలీదా?" అన్నాను.

"తల ఊపారు కదండీ మరి."

"మర్యాదకు ఊపాడయ్యా."

"ఆయన మర్యాదకే ఊపారనుకోండి. అక్క ఊరుకోదండి. మీకు తెలీదు మా అక్క. నా మాటంటే దానికి ఏదం."

ఆవిడ కారెక్కుతూ అన్న మాట నాకు గుర్తొచ్చింది. దారిలో ఉన్నవాళ్లను అందుకునే మార్గం లేదు. అబూ సామీ ఆఫీసుకు పరుగెత్తాను. అక్కడి ముదీర్, అంటే మేనేజరు, దయగలవాడు, వెతికి వెతికి మర్నాటికి వాళ్ల ఊళ్లో ఒక కిరాణా కొట్టు ఫోను నెంబరు ఇచ్చాడు. మాణిక్యాన్ని వెంటబెట్టుకుని టెలిఫోన్ ఆఫీసుకు వెళ్లి కాల్ బుక్ చేశాను. లెక్క ప్రకారం వాళ్లు ఊరు చేరాల్సిన రోజు అది. నాలుగు గంటలు బల్ల మీద కూచున్నాం. లైను కలిసేసరికి అవతల ఒక ముసలి గొంతు గాలిహోరులోంచి అరుస్తోంది. నాకు వచ్చిన పొడిపొడి అరబ్బీలో అడిగాను. రాలేదన్నాడు. దారి మూసేశారన్నాడు. "తల్జ్, తల్జ్" అని రెండుసార్లు అన్నాడు. మంచుకు ఆ పేరని ఆ వారంలోనే నేర్చుకున్నాను. లైను తెగిపోయింది.

మాణిక్యం నా మొహం చూసి లేచి నడిచాడు. బయటికొచ్చాక రోడ్డు పక్క కూలబడి, "అక్కని నేనే సంపేసుకున్నానండి," అన్నాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియదు. "నోర్ముయ్. వెధవ సలహా నీకెందుకు? ఎవరడిగారు నిన్ను?" అని కసిరాను. నిజానికి ఆ వెధవ సలహాను రెండుసార్లు ఇంగ్లీషులో వడ్డించినవాణ్ణి నేను. అతను నన్ను ఆ మాట అనలేదు. అని ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

తర్వాత మళ్లీ మళ్లీ కాల్ బుక్ చేశాం. ఒకసారి లైను దొరకలేదు, ఒకసారి ఎవరూ ఎత్తలేదు. ఆఫీసుకూ కబురు లేదు. రోజులు గడవడం ఆగిపోయింది. గదిలో అన్నం వండితే మాణిక్యం ముద్ద కలిపి, పళ్లెంలోనే వదిలేసేవాడు. కొట్లో టైరు ఏరమంటే ముట్టుకోనన్నాడు. ఒక అరబ్బు వచ్చి, నాలుగు ఏరి పెట్టమని బతిమాలితే, "మీకు నచ్చినవి పట్టుకెళ్లండి సార్, నాకేం తెలవదు," అన్నాడట. రహమతుల్లా నా దగ్గరికొచ్చి, "మాణిక్‌కి ఎవరన్నా చేతబడి చేసిండ్రా?" అని అడిగాడు. నేను మామూలుగా దేవుళ్లతో పెద్దగా పెట్టుకోను. ఆ రోజుల్లో ఏ దేవుడికి మొక్కాలో తెలియక, గుర్తొచ్చిన ప్రతివాడికీ మొక్కాను.

వాళ్లు వెళ్లిన పద్దెనిమిదో రోజు ప్యూజో బండి వచ్చింది.

ముందు బండిని చూశాను. కుడివైపు వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. ఆ తర్వాత వెనక సీట్లో, చిన్నపిల్లను ఒళ్లో పెట్టుకుని కూచున్న పాపాయమ్మను చూశాను. బతికే ఉంది. రేకు అవతల ఇనప సామాను దబ్బున నేల పడ్డ చప్పుడైంది. మాణిక్యం చేతిలోంచి పానా జారిపోయింది.

అబూ సామీ మాత్రం మొహం గంటుపెట్టుకుని దిగాడు. డిక్కీ తెరిచి, నాలుగు మంచు టైర్లలో ఒకదాన్ని రిమ్ముతో సహా తీసి రహమతుల్లా కాళ్ల దగ్గర పడేశాడు. అసలే కోపం, మధ్యలో ఇంగ్లీషు, మధ్యలో అరబ్బీ. పెళ్లి ఊరు ఇంకో గంటలో వస్తుందనగా పిల్లలు మంచులో ఆడతామంటే కొండ మీద కాసేపు బండి ఆపారట. బయల్దేరిన రెండు నిమిషాలకే, మలుపులో, బండి వెనక భాగం అడ్డం తిరిగి జారిపోయి, రోడ్డంచున ఉన్న రాతిగోడకు కొట్టుకుని ఆగిందట. గోడకు అవతల లోయ. దిగి చూస్తే వెనక టైరు ఒకటి చదునైపోయి ఉందట. "నమ్మకమైన టైర్లన్నారు. నా ముగ్గురు పిల్లలున్నారు బండిలో," అన్నాడు.

రహమతుల్లా ఊరుకునే రకం కాదు. "మాణిక్ ఏరిన టైరుకు చిల్లా? ఉండదు సాబ్. ఇక్కడే, మీ ముందే పరీక్ష చేపిస్తా," అని, గాలి కొట్టి నీళ్లతొట్టిలో ముంచమని మాణిక్యానికి చెప్పాడు.

కంప్రెసరు గొట్టం తగిలించి, గాలి ఎక్కేలోపు మాణిక్యం కారు కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. అతని వెనకే నేనూ వెళ్లాను. పాపాయమ్మ కిటికీలోంచి చెయ్యి చాపి తమ్ముడి బుగ్గ నిమిరింది.

"నువ్వు సెప్పినట్టే సేశాన్రా తమ్ముడూ," అంది. దాచుకోవాల్సిన సంగతని ఆవిడకు తెలియదు. తెలుగు వచ్చిన రహమతుల్లా దూరంగా తొట్టి దగ్గర ఉన్నాడు, మిగతావాళ్లకు ఆ మాటలు అర్థం కావు కూడా. "ఆయనకి గుర్తుసేశాను. నవ్వేసి పిల్లలకి ఫొటోలు తియ్యడానికి ఎల్లిపోయాడు. నా మాటకి ఇలువ లేపోతే పోయింది, నీ మాట పోతే ఎలాగరా? ఎనకమాల కూకుని, జడపిన్నుతో నొక్కి గాలి వదిలేశాను. సగమో ఎంతో నాకు తెలవలేదు. ఒకటే అయ్యింది, ఈలోగా మామా కేకేసింది. ఆ ఒక్కటి తియ్యబట్టే గోడకాడ ఆగాం. లేపోతే అందరం లోయలో ఉందుము. నువ్వే కాపాడావురా మమ్మల్ని."

మాణిక్యం కిటికీ అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఏదో చెప్పబోయాడు. ఇంతలో రహమతుల్లా కేకేశాడు.

టైరును తొట్టిలో ముంచారు. మాణిక్యం దాన్ని నెమ్మదిగా చుట్టూ తిప్పాడు. పక్క కొట్లవాళ్లు కూడా మూగారు. నీళ్లు కదిలి, నిలిచాయి. ఒక్క బుడగ రాలేదు.

"చూడండి సాబ్!" అన్నాడు రహమతుల్లా, తొడ కొట్టినంత పని చేసి. "టైరు బంగారం. గాలి పోయిందంటే ఎవరో తీసిండ్రు. చిన్నపిల్లలో, ఎవరో. మీ ఇంట్లోనే అడిగి చూడండి."

అబూ సామీ కనుబొమలు ముడిపడ్డాయి. తొట్టి వైపు చూశాడు. తర్వాత నావైపు చూశాడు. "గాలి తియ్యమని ఆ రోజు చెప్పింది మీరే కదా?" అన్నాడు. నేను చూపు దించుకున్నాను. ఆయన మెల్లగా తల తిప్పి, కారులో ఉన్న పాపాయమ్మను చూశాడు. కొండ మీద ఆవిడ తనకేదో గుర్తుచేయబోవడం ఆయనకు అప్పుడే గుర్తొస్తోందని నాకు తెలిసిపోయింది. అందరూ తనవైపు చూడటం చూసి, తమ్ముణ్ణి మెచ్చుకుంటున్నారనుకుని పాపాయమ్మ నవ్వింది.

ఆయన ఇంకొక్క నిమిషంలో ఆవిణ్ణి అడుగుతాడు. అడిగితే ఆవిడ దాచదు, "అవును, నేనే," అని సంబరంగా చెబుతుంది. తన పిల్లలున్న బండికి గాలి తీసిన పనిమనిషిని ఏ తండ్రీ ఇంట్లో ఉంచుకోడు. పాస్‌పోర్టు ఆయన బీరువాలోనే ఉంది. మధ్యాహ్నానికి పోలీసులు, మర్నాటికి బొంబాయి విమానం.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు మాణిక్యం. నన్ను పిలవలేదు. తనకు వచ్చిన కొట్టు అరబ్బీలోనే అన్నాడు. "వాల్వు చూడలేదు."

టైరును తన వైపు తిప్పుకుని, రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్లలో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. బొటనవేలి గోరుతో వాల్వు సూదిని ఒత్తాడు. చాలా కొద్దిగా, ఎంత కావాలో అంతే. బుడగలు ఒకదాని వెనక ఒకటి వరసగా పైకి వచ్చాయి.

చుట్టూ ఉన్నవాళ్లు 'అయ్యో' అన్నారు. రహమతుల్లా మొహం మాడిపోయింది.

"తప్పు నాదే సార్," అన్నాడు మాణిక్యం. "పాడైపోయిన వాల్వు. చూడకుండా ఇచ్చేశాను. ఇంకెవరిదీ తప్పు లేదు."

అబూ సామీ అతని ముందుకొచ్చి నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. "నీ అక్క కూడా బండిలోనే ఉంది," అని మాత్రం అన్నాడు.

బుడగలు పాపాయమ్మ కూడా చూసింది. ఆవిడ కారు దిగి తొట్టి దగ్గరికి వచ్చింది. నీళ్లలోకి ఒకసారి, తమ్ముడి మొహంలోకి ఒకసారి చూసింది.

"ఏరా? సిల్లు టైరిచ్చావా మాకు?" అంది. "నేనెక్కే బండికి, పిల్లలెక్కే బండికి సూసుకోకుండా ఇచ్చావా?"

"సూసుకోలేదక్కా," అన్నాడు మాణిక్యం తల వంచుకుని.

పాపాయమ్మ వెనక్కి తిరిగింది. వెళ్లి కారులో కూచుంది. ఈసారి కిటికీ అద్దం ఎత్తేసి కూచుంది.

రహమతుల్లా కొత్త టైరు ఒకటి ఇచ్చి, మాణిక్యాన్ని అందరి ముందూ తిట్టి, మర్నాటి నుంచి అల్ ఖూజ్ గోడౌనులో కంటెయినర్లు దించే పనికి మార్చేశాడు. టైర్లు ఏరే పని ఇంకొకడికి ఇచ్చాడు. వాడు చూడగానే చెప్పేసే రకం.

నేను నెలరోజులు పోరాను. అబూ సామీకి చెప్పకపోతే మానె, సొంత అక్కకైనా నిజం చెప్పు అన్నాను. నీ పేరు ఎందుకు పాడుచేసుకుంటావన్నాను. వినీ వినీ ఒకరోజు మాణిక్యం, "ఏం సెప్పమంటారండీ?" అన్నాడు. "నేను సెప్పింది తప్పనీ, నా మాట నమ్మి నువ్వు సేసిన పనికి ఆ పిల్లలు లోయలో పడబోయారనీ సెప్పాలి. చిన్నపిల్లని అదే పెంచిందండి. తన సేత్తోనే సంపబోయానని తెలిస్తే ఇంక నిద్దరపోద్దా అండి మా అక్క? టైర్లు తెలవని తమ్ముడున్నా పరవాలేదండి దానికి."

ఆ తర్వాత నేను అడగలేదు. సిగ్గేసింది నాకు. ఇంగ్లీషు సాయం కోసం మళ్లీ ఎవరైనా పిలిచినా, చాలాకాలం వెళ్లలేదు.

పాపాయమ్మ ఆ ఇంట్లోనే ఉంది. మరుసటి ఏడాది ఆ బండికి మళ్లీ టైర్లు అవసరమయ్యాయి. జరిగినదంతా మనసులో పెట్టుకోకుండా ఉమ్ సామీయే, "మీ తమ్ముణ్ణి అడుగుదామా?" అందట. అంట్లు తోముతున్న పాపాయమ్మ తలెత్తి, "వద్దు మామా. వాడికి టైర్ల సంగతి తెలవదు," అందట.

ఆ మాట నాకు మాణిక్యమే చెప్పాడు. శుక్రవారం అక్కను చూసి వచ్చి, గోడౌను దుమ్ముతో నిండిన చేతులు కడుక్కుంటూ చెప్పాడు. "మంచిదేనండి, ఆ ఇంట్లో అక్క మాటకి ఇలువ దక్కింది," అన్నాడు. అని, కుళాయి కట్టెయ్యకుండా అక్కడే నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.